రేవు వైపు ఎవరున్నారు

ఆగస్టు 3, ఆదివారం

మళ్లీ ఓడిపోయాం.

గాజువాకలో శ్రీను బావ మేడ మీద గది. నాలుగు ఫోన్లు, నలుగురం ఆడే తుపాకుల ఆట, ఒక ఫ్యాను. కిటికీ మూస్తే ఉక్క, తీస్తే దుమ్ము. ఫ్యాను కింద కుర్చీ కోసం ఆటకన్నా ఎక్కువ కొట్టుకుంటాం.

స్క్వాడ్‌కి కాల్ ఇచ్చేది నేను. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు ముందుకెళ్లాలి, ఎప్పుడు నోరు మూసుకుని దాక్కోవాలి — అన్నీ నేనే చెప్పాలి. కాబట్టి ఓటమి కూడా నాదే. నెలాఖరులో రుషికొండలో క్వాలిఫయర్ పెట్టుకుని ఇదీ మా ఆట! ఇవాళ్టి నుంచి ప్రతి మ్యాచ్ రీప్లే చూస్తాను. ఎక్కడ చచ్చామో కాదు, చావక ముందు ఎక్కడ నిలబడ్డామో. గురి అందరికీ ఉంది. నిలబడే తెలివే లేదు.

దివ్య కొత్తగా చేరింది. సాఫ్ట్‌వేర్ పిల్ల, వేళ్లు మహా చురుకు. జూన్ దాకా నూకరాజు ఆడిన చోట పెట్టాను — మ్యాపులో ఎడమ కొస, చెక్కల రేవు. అవతలి వాళ్లు అటు నుంచి వస్తే మా వీపులన్నీ వాళ్ల ముందే. అందుకే అక్కడ ఒకరు కదలకుండా ఉండాలి.

దివ్య ఉండదు. ప్రతి రౌండులోనూ మధ్యకి జరిగి వచ్చేస్తుంది.

ఆగస్టు 5

దివ్యని అడిగాను. "ఏమో అక్కా... అక్కడ ఆల్రెడీ ఎవరో ఉన్నారనిపించింది."

ఎవరు? నేను గోదాం దగ్గర, బావ ట్యాంకు దగ్గర, నూకరాజు తమ్ముడు ఎల్లాజీ మెట్ల మీద. లెక్కపెట్టడం రాదా అని గట్టిగానే అన్నాను. మొహం చిన్నబుచ్చుకుంది. రేపు సమోసాలు కొనిపెట్టాలి.

ఆగస్టు 6, బుధవారం

బావ పోర్టులో క్రేన్ నడుపుతాడు. పైనుంచి కిందికి చూడటమే వాడి బతుకు. అందుకని రీప్లేని పైనుంచి కనబడేలా పెట్టి చూపించాను. నలుగురం నాలుగు చుక్కలు.

టీ పక్కన పెట్టి రెండుసార్లు తిప్పి చూశాడు. తర్వాత —

"ఎడమ పక్క కాళీ వొగ్గేత్తన్నాం రూతూ. మరిసిపోయి కాదు. ఒకడు కూకోడానికి జరిగినట్టు జరగతన్నాం."

మళ్లీ చూశాను. నిజమే. నేను కుడికి జరిగితే బావ జరుగుతాడు, బావని చూసి ఎల్లాజీ సర్దుకుంటాడు, దివ్య మధ్యకి వస్తుంది. ఎవరూ చెప్పకుండానే. రేవు మీద మాత్రం ఒక మనిషి పట్టేంత చోటు ఎప్పుడూ అలాగే ఉంటుంది.

నలుగురి ఆటలో ఐదుగురి ఏర్పాటు.

ఆగస్టు 7

పాత రీప్లేలు తీశాను. జూన్ తర్వాతవి. సముద్రంలో చేపల వేట నిషేధం ఎత్తేశాక మొదటి వేటకి వెళ్లిన పడవ నూకరాజు లేకుండా తిరిగొచ్చింది కదా, అప్పటి నుంచి ఇప్పటిదాకా.

అన్నిట్లోనూ ఎడమ ఖాళీ. అది సరే. ఆ ఖాళీలోంచి ఒక్కడు కూడా రాలేదు. ఓడినవన్నీ కుడి నుంచే ఓడాం. బార్లా తీసిపెట్టిన తలుపు వదిలేసి దొంగ గోడ దూకడమేమిటి?

ఇంక చూడబుద్ధి కాలేదు.

ఆగస్టు 9, శనివారం

సాయంత్రం భీమిలి వాళ్లతో ప్రాక్టీస్. గెలిచాం, అతి కష్టం మీద. అయిపోయాక వాళ్ల కుర్రాడు మైకులోకి వచ్చాడు.

"బాగా ఆడినారు గానీ... మీ రేవు మీద కూకున్నోడు ఎవులు బావా? ఆడు కదలడేటి? ఆడి వల్లే అటేపు రానేకపోనాం."

ఎల్లాజీ నవ్వాడు.

"మా అన్న."

ఫోను కింద పెట్టి మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నూకరాజు ఉన్నప్పుడు మాతో ఆడి ఉంటారు, ఆ భయం ఇంకా పోలేదు — దివ్యకి అలా చెప్పాను. తర్వాత బావ వాళ్లని అడిగాడట. వాళ్లు జట్టు కట్టిందే పోయిన నెలలో.

ఆగస్టు 10, ఆదివారం

చర్చి నుంచి అటే ఎల్లాజీ వాళ్ల ఊరు, యారాడ. బస్సులో కొండ దిగాను.

ఎల్లాజీ వాళ్లమ్మ గుమ్మంలో వల బాగుచేస్తోంది. "రా అమ్మా, తిన్నావేటి?" గోడ మీద నూకరాజు ఫొటో ఉంది. దండ లేదు. అడగలేదు.

ఎల్లాజీ ఇసకలో పడవ దగ్గర ఉన్నాడు. పడవలో అడ్డంగా బల్లలు, మనుషులు కూర్చునేవి. అన్నిటి మీదా తడి బట్టలు, తాళ్లు, డబ్బాలు. నాకు ఎడమ వైపు కొసనున్న బల్ల మీద ఏమీ లేదు. ఎండిపోయి తెల్లగా ఉంది.

"అది అన్నది. దొరికీదాకా ఎవులూ కూకోరు. కూకుంతే అన్న పోనాడని ఒప్పుకున్నట్టే. కూకోవాలంటే తమ్ముడే కూకోవాలి." తాడొకటి చేతిలోకి తీసుకుని — "నాను కూకోనక్కా."

జూన్ నుంచి వాడు పడవెక్కలేదు. ఆ సంగతి నాకు ఇవాళే తెలిసింది.

ఇంకొకటి కూడా చెప్పాడు. తెల్లారకముందు చీకట్లో పడవ మీద ఎవరినీ పేరు పెట్టి పిలవరు. ముందు కొస నుంచి వరసగా ఒక్కొక్కరు "ఉన్నా" అంటారు. మాకూ ఆ అలవాటు నేర్పింది ఈ అన్నదమ్ములే. రౌండు మొదలయ్యే ముందు మేమూ అంటాం కదా.

"మరి ఇప్పుడు మీ అన్న వంతు?"

"ఆగతారు. ఓ ఊపిరి. ఆ మీదట ఎనకోడు అంతాడు."

బస్సు కొండ ఎక్కుతుంటే తట్టింది. మేమూ ఆగుతున్నాం.

ఆగస్టు 11

మ్యాచుల్లో మా గొంతులు కూడా రికార్డవుతాయి. హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను.

నేను — ఉన్నా. బావ — ఉన్నా. ఎల్లాజీ — ఉన్నా. తర్వాత ఏమీ లేదు... కాసేపు ఏమీ లేదు. అప్పుడు దివ్య — ఉన్నా.

ప్రతి రౌండులోనూ అంతే. దివ్యకి ఎవరూ చెప్పలేదు, మమ్మల్ని చూసి నేర్చుకుంది. జవాబు రాని చోట జవాబు వచ్చినట్టే అనుకుని ఎడమ వైపు నిశ్చింతగా వదిలేస్తున్నాం. ఆటలో ఇంతకన్నా పెద్ద తప్పు లేదు — చూడని చోటుని చూసినట్టు అనుకోవడం. కొత్తవాళ్లకి నేను మొదట చెప్పే పాఠం ఇదే. సిగ్గుగా ఉంది.

సిగ్గు సరే. మిగతాది రాయాలా వద్దా?

రాస్తాను. వాల్యూమ్ పూర్తిగా పెంచి ఆ "ఏమీ లేదు"ని మాత్రమే విన్నాను. ఖాళీగా లేదు. మైకు తెరిచి పెట్టి మనిషి మాట్లాడకుండా ఉంటే ఎలా ఉంటుందో అలా ఉంది. మా నాలుగు మైకుల్లో ఏదో ఒకటి అయి ఉంటుంది.

ఆగస్టు 13

ఇన్నాళ్లూ మిగతా చుక్కల్నే చూశాను. ఇవాళ నా చుక్కని చూశాను.

బావ అప్పుడప్పుడూ ఎడమకి తిరుగుతాడు. ఎల్లాజీ కూడా. నేను ఒక్కసారి కూడా తిరగను. నా వీపు ఎప్పుడూ రేవు వైపే. అందరికన్నా ఎక్కువగా అక్కడ మనిషిని నిలబెట్టింది నేనే.

నాకు నూకరాజంటే ఇష్టం. అతనికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. "నీ ఎనక నానున్నాను, నువ్వు ముందుకి సూడు రూతమ్మా" అనేవాడు, ఆటలోనే, అందరి ముందే. నాకు మాత్రం అది ఆట మాటలా వినబడేది కాదు.

రాత్రి ప్రార్థనలో అమ్మ ఇప్పటికీ అతని పేరు చెబుతుంది. ప్రయాణంలో ఉన్నవాళ్ల వరసలో. ఆ వరస మార్చమని నేను ఇంతవరకూ అనలేదు.

ఆగస్టు 15, శుక్రవారం

వీధి చివర జెండా దగ్గర మైకు మోగుతూనే ఉంది. ఆ గోలలోనే చెప్పేశాను. ఇక ఆగడం లేదు, రేవు మీద దివ్య నిలబడుతుంది, లేకపోతే క్వాలిఫయర్‌లో మొదటి ఆటకే ఇంటికి.

ఎల్లాజీ తల ఎత్తలేదు. "మా అన్నని తీసెయ్యమంతన్నావ్."

"అక్కడ మనిషి లేడురా."

"సరిగ్గా సెప్పు. రేవు మీద లేడా? ఎక్కడా లేడా?"

బావ మధ్యలోకి వచ్చాడు — "ఒగ్గేయండ్రా, ఆటే కదేటి..." ఎవరూ వినిపించుకోలేదు.

లేడు, అన్నాను. ఎక్కడా.

ఆ మాట ఎవరో ఒకరు అనడం ఇదే మొదటిసారి. వాళ్లమ్మ అనలేదు, పడవ వాళ్లు అనలేదు. నేను అన్నాను. ఇంటికొచ్చి స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చాను.

ఆగస్టు 17

ఎల్లాజీ రాలేదు.

ఆగస్టు 18

రాలేదు. ముగ్గురమే ఆడాం. "ఉన్నా"లు చెప్పుకుంటూ ముగ్గురమూ ఒకేసారి ఆగాం. ఎవరి కోసమో తెలియలేదు — ఎల్లాజీ కోసమా, అన్న కోసమా.

ఆగస్టు 20, బుధవారం

వచ్చాడు. గాజువాకలో చవితి మండపాలకి కర్రలు పాతుతున్నారు, అడ్డం తిరిగి రావాల్సి వచ్చిందని విసుక్కుంటూ, ఏమీ జరగనట్టే. కూర్చున్నాక —

"కాళీ వద్దక్కా. నువ్వు సెప్పింది నిజమే. గానీ దివ్య కాదు. ఆ పిల్లకి అన్న తెలీదు. నువ్వు నిలబడు."

"మరి కాల్స్?"

"ఆడ నించే ఇయ్యి. ఆడ నించి అన్నీ కనబడతాయని అన్న అనీవోడు."

దివ్యని గోదాం దగ్గర పెట్టాను. అదిరిపోయేలా ఆడింది. ఇన్నాళ్లూ దాని చోటు అది కాదు, అంతే.

ఆగస్టు 24, ఆదివారం

రుషికొండ. ఏసీ హాలు, వేళ్లు కొంకర్లు పోయాయి. బావ చేతులు రుద్దుకుంటూ క్రేన్ క్యాబినే నయమన్నాడు.

మొదటి రౌండు. బావ — ఉన్నా. ఎల్లాజీ — ఉన్నా. నా వంతు. ఎల్లాజీ తిరిగి నా వైపు చూశాడు. ఉన్నా, అన్నాను. దివ్య వెంటనే అంది.

రేవు మీద మొదటిసారి నిలబడ్డాను. అక్కడి నుంచి ముగ్గురి వీపులూ కనబడుతున్నాయి. దివ్య నిలబడ్డది నా పాత చోటు. ఆటున్నంతసేపూ నూకరాజు నా వీపే చూసేవాడన్నమాట. ఆ ఒక్క క్షణం ఆట మర్చిపోయాను.

తర్వాత మర్చిపోలేదు. ఎడమ నుంచి వచ్చారు — ఇన్ని నెలల్లో మొదటిసారి. ఆపాను. మళ్లీ వచ్చారు, ఆపాను. గెలిచాం. పై రౌండుకి వెళ్లాం. ఎల్లాజీ నన్ను పట్టుకుని ఏడ్చేశాడు, హాలంతా చూస్తుండగా.

వచ్చేటప్పుడు బీచ్ రోడ్డులో ఎవరమూ సముద్రం వైపు చూడలేదు.

ఆగస్టు 25, సోమవారం

రీప్లే చూడకుండా ఉండాల్సింది. అలవాటు.

పైనుంచి. రేవు చెక్కల మీద నా చుక్క. నిండా మధ్యలో నిలబడ్డాననుకున్నాను. కాదు. ఒక పక్కకి ఒదిగి నిలబడ్డాను. ఆటంతా. ఇంకో మనిషికి చోటు ఉంచి.

చివరి రౌండు. అవతలి వాడొకడు నీళ్ల పక్క నుంచి పాకి నా వెనక్కి వచ్చాడు. నేను చూడలేదు. ఎవరూ చూడలేదు. నా వీపు వాడి తుపాకీ ముందు ఉంది. ఒక్క గుండు చాలు, ఆట వాళ్లదే. వాడు ఆగాడు. నా పక్కనున్న ఆ ఖాళీ వైపు తిరిగాడు. కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయాడు.

ఎందుకు వెళ్లిపోయావని వాడిని అడగొచ్చు. నంబరు ఉంది.

అడగను.

ఆగస్టు 26, మంగళవారం

ఎల్లాజీ ఫోను. వెనక అలల చప్పుడు, ఎవరో ఇంజను సరిచేస్తున్న చప్పుడు.

"రేపు ఏటకి ఎల్తన్నానక్కా. అమ్మకి సెప్పినాను. ఏడ్సింది గానీ వద్దనలేదు. అన్న బల్ల మీద కూకుంతాను."

మంచిదన్నాను. జాగ్రత్త అన్నాను. లేడని చెప్పింది నేనే. ఆ మాట పట్టుకునే వాడు పడవెక్కుతున్నాడు. వాడికి ఏమైనా అయితే?

"ఒకటడగాలి. ఆదివారం నువ్వు రేవు మీద ఎలా నిలబడ్డావో నాను సూసినాను. మెట్ల మీంచి కనబడతాది గదేటి. ఓ పక్కకి ఒదిగినావు."

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"మరి నాను బల్ల మీద ఎలా కూకోవాలి? నిండా కూకోమంతావా... సోటుంచి కూకోమంతావా? నువ్వు కాల్ ఇయ్యక్కా. నువ్వేటి సెప్తే అదే."

ఆలోచించి చెబుతానన్నాను. తెల్లారేలోపు సెప్పు అన్నాడు, పెట్టేశాడు.

నిండా కూర్చో అంటే నూకరాజు నిజంగా లేనట్టే. చోటుంచు అంటే — సముద్రం మీద, వాడి పక్కన, ఆ చోటులో ఎవరు కూర్చుంటారు?

అమ్మ ప్రార్థనకి పిలుస్తోంది. ఫోను చేతిలోనే ఉంది. ఇంకా ఏమీ చెప్పలేదు.