ఇద్దరు ఆంటోనియోలు

నాన్నా,

నా మొదటి బిడ్డవి నువ్వు. బతికుంటే ఈరోజుకు నీకు నలభై రెండేళ్లు. అమెరికాలో, నోవై అనే ఊళ్లో నీ తమ్ముడి ఇంట్లో ఉన్నాను. మంచు వల్ల తొమ్మిది రోజులుగా గడప దాటలేదు.

వాడి కూతురు మాయ, ఇటలీ నుంచి వలస వచ్చిన వాళ్లమ్మ ముత్తాత ఆంటోనియో పుట్టుక రికార్డులను ఈ ఉదయం ప్రింట్ చేసింది.

"నానమ్మా, చూడు! ఆంటోనియో టూ టైమ్స్ పుట్టాడు. మిస్టేక్ కదా?"

"కాదు. మొదటివాడు పోతే, తాత పేరు మళ్లీ రెండోవాడికి పెట్టారు."

"నువ్వు ఇటాలియన్ కాదు కదా, నీకెలా తెలుసు?"

ఎదురుగా నీ తమ్ముడు కాఫీ తాగుతున్నాడు. తన పేరు ముందు నీదేనని, అసలు నువ్వు పుట్టావని వాడికి నేనెప్పుడూ చెప్పలేదు.

"పుస్తకంలో చదివాను" అన్నాను. అబద్ధమాడినందుకు వాడికి చిన్నప్పుడు గోడకుర్చీ వేయించినదాన్ని.

గదిలోకి వచ్చి ఒక్కసారి నిన్ను పేరుపెట్టి పిలుద్దామనుకున్నాను. పిలిస్తే వాడు పలుకుతాడు.