సీటు కింద నిమ్మకాయ

శనివారం రాత్రి

రేపు పొద్దున్నే మా అబ్బాయి చెన్నై దగ్గర రేసు ట్రాకు మీద కొత్త కారు తోలతాడు. మొదటిసారి. రొయ్యల చెరువులు చూసుకునేవాడికి యాభై ఏళ్ళొచ్చాక ఈ పిచ్చేంటో. మొన్న కారుని లారీ ఎక్కించే ముందు, పట్టిసీమ వీరభద్రుడి దగ్గర పూజ చేయించిన నిమ్మకాయ ఎవరూ చూడకుండా డ్రైవరు సీటు కింద పెట్టాను.

ఇందాక అన్నాల దగ్గర కోడలు నవ్వుతూ చెప్పింది. "మంచినీళ్ళ సీసా కూడా కార్లో ఉంచకూడదంటండి అత్తయ్యగారూ. మలుపులో దొర్లి బ్రేకు కిందకి పోతే ఇంక బ్రేకు పడదంట."

చేతిలో ముద్ద కంచంలో పెట్టేసి, నిమ్మకాయ సంగతి చెప్పేశాను.

"ఎంత పని చేశారండీ!" అని కంచం వదిలేసి లేచింది.

అప్పట్నుంచీ ఇద్దరం ఫోను చేస్తానే ఉన్నాం. పెందలాడే పడుకోవాలని స్విచ్చాఫ్ చేసేశాడు. ఎక్కేముందు ట్రాకు దగ్గరోళ్ళు కారంతా చూస్తారులెండి అంటోంది కోడలు, తనకే నమ్మకం లేదు. సీటు కిందకి చెయ్యి పెట్టి చూస్తారా? వాడి కంట పడకూడదని లోపలికంటా తోశాను నేను.

వాడికేం కాకూడదనే కదా పెట్టాను. పొద్దున్న వాడు ఫోను చూసుకోకుండా కారెక్కేస్తే...