మాస్కు పెట్టించిన వదినగారికి

వదినగారూ,

మీరు మా వారికి చెల్లెలిలాంటివారు కదా, అందుకే ఈ పిలుపు. ఈ వరసను ఇలాగే ఉండనివ్వండి.

పదకొండేళ్లుగా ఆయన మెడికల్ కాలేజీలో శవాలు కుళ్లకుండా ఫార్మలిన్ మందు పట్టిస్తున్నారు. ఆ ఘాటుకు ఎర్రబడిన కళ్లతో, దగ్గుతూ ఇంటికొచ్చేవారు. క్యాన్సర్ వస్తుందని డబ్బా మీదే రాసుందట. మాస్కు పెట్టుకోమని నోరు నొప్పి పుట్టేలా చెప్పాను. "నాకు అలవాటేలే, నీకెందుకు?" అనేవారు. మీరు అక్కడ ఉద్యోగంలో చేరి ఒక్కసారి చెప్పగానే ఆయన పెట్టుకున్నారట! విని ఒళ్లు మండిపోయింది.

నెల రోజులుగా ఇంట్లో దగ్గు వినపడటం లేదు.

గ్లౌజులు మాత్రం ఇంకా వేసుకోవడం లేదు. వేళ్లన్నీ పగిలిపోయాయి. అదీ మీరే చెప్పండి. నేను చెప్పమన్నానని మాత్రం అనకండి, మాస్కు కూడా తీసేస్తారు.

మీ అన్నగారి భార్య