తువ్వాలు కింద తెగిన బేరం

బస్తరు సంస్థానం, కోంట తహసీలు, కోంట బజారులో చింతపండు, ఉప్పు, కిరాణా వ్యాపారం చేసుకునే శ్రీరంగం అనే నేను ఇష్టపూర్వకంగా రాయించిన వీలునామా.

నాకు జ్వరం లేదు. మతి నిలకడగా ఉంది. ఎవరికైనా అనుమానముంటే ఎదురుగా ఒక పాత సైకిల్ నిలబెట్టి ధర అడగవచ్చు, చెబుతాను. నా మీద ఎవరి బలవంతమూ లేదు. నా భార్య రామసుబ్బమ్మ నెల రోజులుగా తొందరపెట్టడం బలవంతం కిందికి రాదని దస్తావేజు లేఖరి సీతారాములు చెప్పాడు. ఇంతకు ముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా కుమారుడు ఈశ్వరరావుది.

1. ఇల్లు, పెరడు, చింతపండు ఆరబోసే వాకిలి రామసుబ్బమ్మకు యావజ్జీవం చెందుతాయి. ఆమె తదనంతరం నా కుమారుడు, కుమార్తె అన్నపూర్ణ సమంగా పంచుకోవాలి. నా సైకిల్‌కు నేను చేసిన సేవలో సగం దేవుడికి చేస్తే ఈపాటికి ప్రత్యక్షమయ్యేవాడని రామసుబ్బమ్మ నన్ను దెప్పుతూనే ఉంది. అయినా చైనుకు పట్టించడానికి గిన్నెలో ఆముదం పోసి గూట్లో పెట్టింది కూడా ఆమే. అది నేను మరచిపోలేదు.

2. దుకాణం, సరుకు, కాటా ఈశ్వరరావుకు. వాడి తూకంలో తేడా ఉండదు. కాని ఎదుటివాడి మాట పూర్తయ్యేలోపే ధర చెప్పేస్తాడు. కాస్త ఆగడం నేర్చుకోవాలని కోరుతున్నాను. నా సైకిల్‌ను తుక్కు అన్నందుకు వాడి మీద నాకు కోపం ఉంది, పోలేదు.

3. నా గాలిపంపు దోర్నపాల్ దారిలో ఉండే మాడ అనే అతనికి ఇవ్వాలి. టైరు పేలిన ప్రతిసారీ బండిని భుజాన వేసుకుని నన్ను వాగు దాటించినవాడు అతనే. అతనికి సైకిల్ లేదు. పొయ్యి రాజేసుకోవడానికి పనికొస్తుందని తనే అడిగాడు. పంపును అలా వాడవచ్చని నాకు ఇన్నాళ్లూ తోచలేదు.

4. ఇక నా సైకిల్. ఇది విలాయతీ పందెపు బండి. హ్యాండిలు కొమ్ములు కిందికి వంగి ఉంటాయి, వీపు వంచి తొక్కాలి. ముందు గొట్టం మీద పేరుపలక ఊడిపోయి రెండు చిల్లులు మిగిలాయి కనుక ఏ కంపెనీదో నాకు తెలియదు. సర్వే పనికి వచ్చిన ఒక దొర వెళ్లిపోతూ దీన్ని నా స్నేహితుడు భూషణానికి అమ్మాడు. భూషణం నాలుగేళ్లు తొక్కి, ఎడ్లబండ్ల వ్యాపారంలోకి దిగాక, శుక్ల నామ సంవత్సరంలో కోంట సంతలో దీన్ని అమ్మకానికి పెట్టాడు.

మా సంతలో ఎడ్ల బేరం ఎలాగో సైకిల్ బేరమూ అలాగే. ఇద్దరి చేతుల మీద తువ్వాలు కప్పుతారు. కొనేవాడు అవతలివాడి వేళ్లు నొక్కి ధర చెబుతాడు. అమ్మేవాడు వేలు గుంజి ఇంకా కావాలంటాడు. ఒక పూట గుంజులాట లేనిదే బేరం తెగదు. తెగిన ధర ఆ ఇద్దరికి తప్ప మూడోవాడికి తెలియకూడదు.

నేను వేళ్లు నొక్కాను. భూషణం గుంజలేదు. తువ్వాలు తీసేశాడు.

బేరం లేకుండా తెగిన సరుకులో ఏదో దోషం ఉంటుందని మా సంతలో చిన్నపిల్లలకూ తెలుసు. మర్నాడే వెళ్లి దోషమేమిటని అడిగాను. లేదన్నాడు. మళ్లీ అడిగాను. మూడోసారి అడిగినప్పుడు, “నమ్మకం లేనోనివి కొన్నవెందుకు?” అని లోపలికి వెళ్లిపోయాడు. అంతే, మా మధ్య మాటలు ఆగిపోయాయి. ఎదురెదురు దుకాణాలు మావి. పద్దెనిమిదేళ్లుగా ఒకరి దుకాణం దీపం వెలుగులో ఒకరం తలుపులు మూసుకుంటున్నాం.

ఆ దోషం కోసం వెతికి వెతికి నాకు సైకిళ్లు తెలిశాయి. ఎవరికైనా పనికొస్తుందని ఇక్కడ రాయిస్తున్నాను. రంగు చూసి ధర చెప్పవద్దు. బండిని తలకిందులుగా నిలిపి చక్రం తిప్పి, రిమ్ము పక్కన ఒక పుల్ల పట్టుకోవాలి. తిరిగినప్పుడల్లా ఒకేచోట తగిలితే రిమ్ము వంగినట్టు. చైనును ముందు పళ్లచక్రం మీద నుంచి వేలితో లాగి చూడాలి. సందులోంచి వెలుతురు కనిపిస్తే చైను సాగింది, పళ్లూ అరిగి ఉంటాయి. రెండిటి ఖర్చూ తగ్గించి మాట్లాడాలి. ముందు గొట్టం అతుకు కింద రంగు ముడతపడితే బండి దేనికో గుద్దుకుందన్నమాట. అక్కడొక్కచోటే కొత్త రంగు ఉంటే మరీ అనుమానించాలి. పెడలు కడ్డీని పక్కకు ఊపితే టకటకమనకూడదు. యుద్ధం రోజుల్లో టైర్లు దొరక్క, రెండు మంచి టైర్లున్న డొక్కు బండి కూడా బంగారంలా అమ్ముడుపోయింది. అది కరువు ధర, బండి ధర కాదు. విలాయతీ బండి అరుదైనదని ధర పెంచేవాడు, విడిభాగం పోతే జగదల్‌పూర్‌లో కూడా దొరకదని అదే నోటితో తగ్గించాలి.

ఇవన్నీ నా బండికి చూశాను. ఇరుసులు విప్పి గోళీలు ఒక్కొక్కటీ దీపం ముందు తిప్పి చూశాను. దోషం దొరకలేదు. మరి భూషణం ఎందుకు గుంజలేదు? ఇది తెలియకుండా పోవడం నాకు చావు కంటే కష్టంగా ఉంది.

5. కనుక నా తదనంతరం సైకిల్‌ను ఉచితంగా భూషణానికి ఇవ్వాలి. షరతు ఒకటే. ఆ రోజు మొదటి ధరకే ఎందుకు ఒప్పుకున్నాడో అతను రామసుబ్బమ్మకు చెప్పాలి. అప్పటికి నేను వినలేనని నాకు తెలుసు. ఎవరో ఒకరికి తెలిస్తే చాలు.

పై అంశం రాయించి సిరా ఆరుతుండగా జరిగినది కూడా ఈ పత్రంలో చేరుస్తున్నాను. లోపలి గడప దగ్గర కూర్చుని అంతా వింటున్న రామసుబ్బమ్మ నన్ను అడగకుండా భూషణానికి కబురు పెట్టింది. అతను కర్ర పట్టుకుని వీధి దాటి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. సీతారాములు ఐదో అంశం చదివి వినిపించాడు. భూషణం ముందు నవ్వాడు. తర్వాత అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయమన్నాను:

“తువ్వాల కింద నీ చెయ్యి వణికింది శ్రీరంగం. ఆ బండి నీకు ఎంత కావాల్నో గప్పుడే తెలిసింది. గుంజితే ఇంకా ఇచ్చేటోడివే. దోస్తు చెయ్యి వణుకుతుంటే గుంజబుద్ధి కాలే.”

ఇన్నేళ్లూ ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగాను.

“బండికి దోషమేంది, దోషమేంది అని బండి గురించే అడిగినవ్. నా గురించి ఎన్నడన్న అడిగినవా?”

నాకు ఏడుపు వచ్చింది. ఇటువంటివి వీలునామాలో రాయకూడదని సీతారాములు అన్నాడు. రాయమన్నాను.

అప్పుడు సాక్షి సంతకాల సంగతి వచ్చింది. సాక్షి సంతకం పెట్టినవాడికి ఆ వీలునామా కింద ఏ వస్తువూ చెందదని సీతారాములు హెచ్చరించాడు. భూషణం కలం అందుకున్నాడు. “మోకాళ్లు పోయినయ్, నాకెందుకు బండి? సాక్షిగ ఉంట” అన్నాడు.

6. కనుక ఐదో అంశం రద్దు. సైకిల్ నా కుమార్తె అన్నపూర్ణకు చెందుతుంది. చిన్నప్పుడు చింతపండు వాకిట్లో ఫ్రేము మధ్యనుంచి కాలు దూర్చి ఆమె దీన్ని తొక్కేది. వాళ్లమ్మ చూడనట్టు చింతపండు తిరగేసేది. అన్నపూర్ణ దీన్ని ఉంచుకున్నా, అమ్ముకున్నా ఇష్టం. అమ్మితే మాత్రం తువ్వాలు కిందనే అమ్మాలి. పైన చెప్పిన పరీక్షలన్నీ చేయనివ్వాలి. అవి అయ్యాక ఎదుటివాడి చెయ్యి ఎలా ఉందో కూడా చూడాలి. ఆ పరీక్ష నాకు ఇవాళే తెలిసింది.

7. నా కుర్చీ భూషణానికి రాయాలనుకున్నాను, అదీ చెల్లదట. కనుక నేను బతికుండగానే అది అరుగు మీద వేయిస్తున్నాను. రేపు సాయంత్రం నుంచి అతను వచ్చి కూర్చోవచ్చు.

సర్వజిత్తు నామ సంవత్సరం, కార్తీక మాసం, 1947 నవంబరు 20, గురువారం, కోంట.

(సంతకం) శ్రీరంగం

లేఖరి: సీతారాములు

సాక్షులు:

రామనర్సయ్య, ఉప్పు వ్యాపారి, కోంట.

భూషణం, ఎడ్లబండ్ల వ్యాపారి, కోంట. వీలునామాకు సాక్షిని. ఆనాటి బేరానికీ సాక్షిని. ధర న్యాయమైనదే.