చవితికి లెంపలు వేసుకోకు

హైదరాబాదు, అక్టోబరు 1998

అమ్మకు ఉమ నమస్కారాలు. నేను కులాసా, వేళకే తింటున్నాను.

పుట్టని బిడ్డలకి వైద్యమేంటని మామ్మ నవ్విందన్నావు. సగంరోజు వార్డు, సగంరోజు ల్యాబులో పరిశోధన, ఇదే మా శిక్షణ. నిన్న ఒకావిడ కడుపులో ఉన్న బిడ్డకే సూదితో రక్తం ఎక్కించాం. స్కానింగ్ తెరమీద బిడ్డ కాలు కదిపింది. తల్లిది నెగటివ్ రక్తం, బిడ్డది పాజిటివ్. అలాంటప్పుడు మొదటి కాన్పు బాగానే జరిగినా, ఆ తర్వాతి కాన్పుల్లో తల్లి రక్తమే బిడ్డ రక్తాన్ని పాడుచేస్తుంది. "ఈ సూది అక్కర్లేని మందు మీరు కనిపెట్టాలమ్మా" అన్నారు మాకు శిక్షణ ఇచ్చే సార్.

కంటి ఆపరేషనప్పుడు నీదీ నెగటివ్ అని తేలింది కదా. నా తర్వాత పురిట్లోనే పోయిన తమ్ముళ్లిద్దరి సంగతి సార్‌కి చెప్పాను. "అదేనమ్మా కారణం. ఆవిడ తప్పేం లేదు" అన్నారు. పెరట్లో పుట్ట తవ్వించావని మామ్మ ఇన్నేళ్లూ అన్న నాగదోషం కాదు.

నాన్నగారి దగ్గు తగ్గిందా? కంట్లో చుక్కలు మానకు. నాగులచవితికి పుట్టలో పాలు పోసిరా, లెంపలు మాత్రం వేసుకోకు.

కవరు దొరక్క కాదు, కావాలనే కార్డు మీద రాశాను. పోస్టుమాన్ చదివినా, వీధంతా చదివినా మంచిదే. మామ్మకి మాత్రం నువ్వే చదివి వినిపించు.

నీ ఉమ