రెండో దెబ్బ

ఆత్రేయపురం

ప్రియమైన చెల్లాయి శ్యామలకి, చంద్రం అన్నయ్య ఆశీస్సులు.

నువ్వు పదేపదే ఫోన్ చేశావని మా కోడలు చెప్పింది. నా చెవుల సంగతి తెలుసుగా, ఫోన్లో నువ్వు తిట్టినా నాకు దీవించినట్టే ఉంటుంది. కాగితం మీద తిట్టు, నెమ్మదిగా చదువుకుంటాను.

ఆ రోజు ఏం జరిగిందో రాయమన్నావట. మన తోటలో ఎండిన కొబ్బరాకంతా బేబీ ఇంట్లో పూతరేకులు తీసే పొయ్యిలకే పోతుంది. ఆకు దింపించి, ఆ వసారాలోనే కుర్చీ వేసుకుని పేపరు చదవడం నా అలవాటు. ఈమధ్య పేపర్లో చదవడానికి ఏముందిలే, సగం స్థలాల ప్రకటనలు, మిగతా సగం మోకాళ్ళ నొప్పుల మందులు. సరే, దారి తప్పాను. నీ కోడలు సుప్రియ మీ ఇల్లు వదిలి పుట్టింటికి వచ్చాక అక్కడే పని నేర్చుకుంది. మన సురేష్‌బాబు కాకినాడ నుంచి బండి మీద వచ్చి, ఇంటికి నడవమన్నాడు. ఆ పిల్ల రానంది. సంచీలోంచి బొండాలు కొట్టే కత్తి తీశాడు. భుజం మీద ఒక వేటు, మెడ పక్కన ఇంకో వేటు వేశాడు.

రోడ్డు మీద జనం లేకపోలేదు. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. బేబీ చేతిలో మాత్రం తడిగుడ్డ ఉంది, బియ్యప్పిండి జారులో ముంచి కాలే కుండ మీద పరిచే గుడ్డ. దాంతోనే పొయ్యి మీద బోర్లించిన కుండని పట్టి లాగి వాడి నెత్తిన కొట్టింది. కుండ పగిలింది, వాడు పడ్డాడు, కత్తి జారింది. అప్పుడు పొయ్యిలోంచి మండే కొబ్బరి మట్ట తీసి మొహాన కొట్టింది. కన్ను పోయింది ఆ రెండో దెబ్బకే.

ఇద్దరినీ ఒకే అంబులెన్సులో ఎక్కించబోయారు. బేబీ అడ్డం నిలబడి వాణ్ణి ఎక్కనివ్వలేదు.

నీ అన్నయ్య
చంద్రరావు

కాకినాడ

ప్రియమైన అన్నయ్యకి శ్యామల నమస్కారాలు.

పేపర్లో ప్రకటనల గురించి రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? ఇక్కడ నేను నా కొడుక్కి కట్లు మారుస్తున్నాను. విప్పినప్పుడల్లా ఆ గుంట చూస్తున్నాను.

వాడు చేసింది తప్పే, కాదనను. హత్యాయత్నం కేసు పెట్టారు, పెట్టనీ. నా ఇంటి కాగితాలు జామీను పెట్టి వాణ్ణి బయటికి తెచ్చుకున్నాను. రేపు శిక్ష పడితే నేనే బట్టలు సర్ది పంపిస్తాను. కానీ పడిపోయినవాణ్ణి కొట్టడానికి ఆ బేబీ ఎవరు? పోలీసా, జడ్జీయా? దాని మీద మేము పెట్టిన కేసు విచారణకి వస్తోంది. ముందే చేతికి తడిగుడ్డ చుట్టుకుని సిద్ధంగా ఉందని మా లాయరు వాదిస్తాడట. వీడియోల్లో దాని వీపు అడ్డమొచ్చి, కత్తి ఎక్కడ పడిందో కనపడదట. అంత దగ్గర నుంచి చూసింది నువ్వొక్కడివే. కుర్చీలోంచి లేవకుండా చూశావట. కత్తి వాడి చేతికి అందనంత దూరంగా పడిందని చెప్పు, చాలు.

ఏటా దసరాకి పుట్టింటి చీర పంపుతావు. ఈ ఏడు చీర వద్దు, ఆ సాక్ష్యం పెట్టు. దాని పొయ్యి ఆరిపోవాలి. ఆ చేతులు మళ్ళీ కుండ ముట్టుకోకూడదు. అప్పటిగ్గానీ నా కడుపుమంట చల్లారదు.

నీ చెల్లెలు
శ్యామల

ఆత్రేయపురం

ప్రియమైన శ్యామలా,

జవాబు ఆలస్యమైంది. ఏం రాయాలో తెలియక కాదు, ఎలా రాయాలో తెలియక.

ఇక్కడ టీకొట్టు రెండు పార్టీలైంది. ఒక బల్ల మీద శభాష్ బేబీ అనేవాళ్ళు, ఇంకో బల్ల మీద చట్టాన్ని చేతిలోకి తీసుకోకూడదనేవాళ్ళు. టీ మాత్రం ఇద్దరికీ ఒకే గిన్నెలోది. రిటైరైన అబ్రహాము మాస్టారైతే ఏకంగా తీర్పే చెప్పేశారు, మొదటి దెబ్బ రక్షణ, రెండోది కక్ష అని. ఆయన ఆ రోజు స్తంభం పక్కన నిలబడి వీడియో తీసిన మనిషి. ఉండబట్టలేక అడిగాను.

"మాస్టారూ, ఆ రక్షణ దెబ్బేదో మీరు కొట్టేసి ఉంటే, ఆవిడకి కక్ష దెబ్బ కొట్టే పని తప్పేది కదండీ."

అప్పట్నుంచీ మాట్లాడటం మానేశారు. చెవిటివాడితో మాట్లాడకపోవడం కూడా ఒక శిక్షేనా?

ఇక నీ సంగతి. గుడ్డ చుట్టుకుని సిద్ధంగా ఉందంటే నువ్వెలా నమ్మావు? ఈ ఊళ్ళో పుట్టినదానివి. రేకు తీసేవాళ్ళ చేతిలో గుడ్డ లేని క్షణం ఎప్పుడైనా చూశావా? కత్తి జారిన మాట నిజం. కానీ వాడి వేళ్ళు మళ్ళీ పిడి మీదికి పాకాయి. వాడి చూపు తనని కొట్టిన బేబీ మీద లేదమ్మా, సుప్రియ మీద ఉంది. మట్ట పడింది అప్పుడే. కోర్టులో ఇదే చెబుతాను.

బేబీకి కక్ష లేదా అంటే, ఉంది. ఆ మొహం చూశాను. నాకూ ఉంది. నా భుజాలెక్కి తీర్థాలు చూసిన మేనల్లుడు వాడు. ఆ క్షణంలో మాత్రం, దెబ్బ గట్టిగా తగలాలనే కోరుకున్నాను. నీకు ఇది దాచి చీర పంపలేను.

నీ అన్నయ్య
చంద్రం

కాకినాడ

అన్నయ్యా,

ప్రియమైన అని రాయబోతే చెయ్యి రాలేదు. నువ్వు బోనెక్కిన రోజుతో నాకు పుట్టిల్లు లేదు. నేను పోయినా నీకు కబురు రాదు. కోర్టులో వెనక బెంచీ మీద కూర్చుంటాను. నా మొహం చూస్తూ చెప్పు.

శ్యామలాంబ

ఆత్రేయపురం

ప్రియమైన చెల్లాయికి,

నీ మొహం చూస్తూనే చెప్పాను. మీ లాయరు నా చెవుల మీద పడ్డాడు, చెవిటివాడి సాక్ష్యమేంటని. వినపడదు కాబట్టే కళ్ళు తిప్పకుండా చూశానండి అన్నాను. అంతా నవ్వారు. నువ్వు నవ్వలేదు.

నిన్న బేబీ మీద కేసు కొట్టేశారు. ఊళ్ళో టపాకాయలు కాల్చారు. కాల్చినవాళ్ళలో మాస్టారు కూడా ఉన్నారు. నేను వెళ్ళలేదు, తలుపేసుకుని పడుకున్నాను. నీ చీర కొన్నాను. పంపితే తిరిగొస్తుందని బీరువాలోనే ఉంచాను.

అన్నయ్య

కాకినాడ

అన్నయ్యకి,

నీతో రాజీకి రాయడం లేదు. ఎవరి నోటో వింటే తప్పుగా వింటావని రాస్తున్నాను.

తీర్పు విని ఇంటికొచ్చాక సురేష్‌కి అన్నం పెట్టాను. ఏడుస్తాడేమో, ఏం చెప్పి ఓదార్చాలా అనుకుంటున్నాను. వాడు వంకాయ కూర బాగుందని మారు అడిగి తిన్నాడు. మజ్జిగ పోస్తుంటే అన్నాడు:

"రోడ్డు మీద చేయడం నాదే పొరపాటమ్మా. ఈసారి జనం లేని చోట చూసుకుంటాను."

బండికి ఆయిల్ మార్పించాలి అన్నట్టు చెప్పాడు. నేను పోస్తూనే ఉన్నాను, మజ్జిగ కంచం దాటి నేల మీదికి పారింది.

ఎవరు అడ్డుపడాలి, ఎన్ని దెబ్బలు కొట్టాలి అని మీరంతా బల్లల మీద కూర్చుని వాదించుకున్నారు. ఆ మాట వాడు అన్నప్పుడు ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. నాకు కుండా లేదు, మట్టా లేదు.

మర్నాడు లాయరుకి చెప్పకుండా కోర్టుకి వెళ్ళాను. వాడి కేసులో నా జామీను విరమించుకుంటున్నానని అర్జీ పెట్టాను. అక్కడి గుమాస్తా, "తల్లివేనా అమ్మా" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. జడ్జీగారు కారణం అడిగారు. వాడు అన్నది అన్నట్టు చెప్పాను.

బేబీని క్షమించాననుకోకు. కట్టెల్లో కాలేదాకా క్షమించను. నా కొడుక్కి దెబ్బ గట్టిగా తగలాలనుకున్నానని రాశావే, నిన్నూ క్షమించను. వాడికి శిక్ష పడేదాకా వాయిదా వాయిదాకీ వెళ్ళి అదే వెనక బెంచీ మీద కూర్చుంటాను. ఈసారి వాడు నా మొహం చూడాలి.

నిన్న పోలీసులు వచ్చారు. వీధివీధంతా గేట్ల దగ్గర నిలబడి చూసింది. జీపు ఎక్కిస్తుంటే, "ఊరికే అన్నానని వీళ్ళకి చెప్పమ్మా, నువ్వు చెబితే వింటారు" అని కేకలు పెట్టాడు. లోపలికి వెళ్ళాను. వాడి పరుపు కింద, కవరు కూడా విప్పని కొత్త కత్తి ఉంది. ఆ పొద్దున్నే దుప్పట్లు మారుస్తుంటే కనపడింది. తీసుకొచ్చి ఎస్సైగారి చేతిలో పెట్టాను.

అప్పుడు కేకలు ఆపాడు.

శ్యామల