వెన్న మీద నింద

ప్రియమైన అక్కా,

ఫోన్లో చెబితే నవ్వేసి మాట మార్చేస్తావని ఉత్తరం రాస్తున్నాను. చివరిదాకా చదివాకే నవ్వు.

కోటుకు కొలతలివ్వడానికి వచ్చినావిడ నా కుట్టు షాపులో ఒక పత్రిక మర్చిపోయి వెళ్లింది. గిరాకీ లేక తిరగేస్తుంటే అమ్మను తీసుకుపోయిన జబ్బు పేరు కనబడింది. అండాశయ క్యాన్సర్. కొవ్వు ఎక్కువగా తినేవాళ్లకు, అందులోనూ వెన్న, మాంసం లాంటివాటిలో ఉండే కొవ్వు తినేవాళ్లకు, ఆ ముప్పు కాస్త ఎక్కువని కొన్ని పరిశోధనల్లో తేలిందట. ఆ పేజీ చింపి మిషను సొరుగులో దాచాను.

నువ్వేమో పొద్దున లేస్తే బేకరీలో వెన్న ముద్దల మధ్యే ఉంటావు. బన్ను ఓవెన్లోంచి దిగడం ఆలస్యం, దాని మీద వెన్న రాసి, "రుచి చూడకుండా జనానికెలా అమ్మనే" అంటావు. నీ రుచి చూడటం ఇంకొకరికి పూట భోజనం!

అమ్మ పోయాక నాకు నువ్వే అమ్మవయ్యావు. ఇంకోసారి అమ్మను పోగొట్టుకునే ఓపిక నాకు లేదు. వెన్న మానెయ్యవూ?

నీ పిచ్చుక


ముద్దుల పిచ్చుకకు,

నవ్వలేదు. సరే, కొంచెం నవ్వాను. బేకరీ నడిపేదాన్ని వెన్న మానమంటే చేపను నీళ్లు మానమన్నట్టే కదే.

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. "మరదలు చెప్పాక మారు మాటేముంది" అని ఆ పూటే వెన్న గిన్నె నాకు అందకుండా జరిపేశాడు. ఇప్పుడు నా చెయ్యి అటు వెళ్తే చాలు, ఓవెన్ దగ్గర్నుంచి దగ్గు వినిపిస్తుంది. రుచి చూసే ఉద్యోగం కూడా ఆయనే లాక్కున్నాడు. మొన్న నేను ఉప్పు వేయడం మర్చిపోయిన బన్నులను "అమోఘం" అన్నాడు. కొన్నవాళ్లంతా తిరిగొచ్చి నన్ను తిట్టిపోశారు.

అమ్మ తిన్నదే పిట్టంత, ఇంక కొవ్వెక్కడిది? అయినా నీ మాట తీసెయ్యను. మానేశాను, పో.

నువ్వు మాత్రం భయంకొద్దీ నూనె చుక్క లేకుండా ఎండిపోతున్నావేమో. తిను.

ప్రేమతో
అక్క


ప్రియమైన అక్కా,

నువ్వు నిజంగా మానేశావని బావ చెబితే నమ్మకం కుదిరింది. ఆ రోజు హాయిగా నిద్రపట్టింది. పెళ్లిళ్ల కాలం కదా, గౌన్ల పనిలో తలమునకలుగా ఉన్నాను, అందుకే ఇన్నాళ్లూ రాయలేదు. ఒంట్లో ఏమైనా తేడా తెలుస్తోందా? దాచకుండా రాయి.

నీ పిచ్చుక


ముద్దుల పిచ్చుకకు,

తేడా తెలియకేం! చెంపలు లోపలికి పోయాయి. ఉంగరం వేలికి నిలవడం లేదు. అన్నిటికంటే వింత, నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోతోంది. నా తిండి చూసి దడుచుకునే మీ బావే ఇప్పుడు "ఇంకొంచెం తినవే" అని బతిమాలుతున్నాడు.

పొట్ట ఒక్కటే మొండికేసింది. తగ్గకపోగా ముందుకొచ్చి గట్టిగా ఉంటోంది. ఊరికే బాత్రూంకి పరుగులు కూడాను. వెన్నకు బదులు చిక్కుళ్లూ ఆకుకూరలూ తింటున్నాను కదా, గ్యాసు పట్టి ఉంటుందిలే.

ఏప్రన్ తాళ్లు వెనక్కి అందడం లేదు. ఒకటి కొత్తది కుట్టి పంపు. నడుం దగ్గర బాగా వదులు పెట్టు, భుజాలు మాత్రం తగ్గించు, జారిపోతున్నాయి.

ప్రేమతో
అక్క


అక్కా,

ఏప్రన్ కుట్టలేదు. గుడ్డ పరిచి, సుద్దముక్కతో భుజాలు తగ్గించి నడుం పెంచి గీస్తుంటే చెయ్యి ఆగిపోయింది. మనిషి చిక్కితే అన్నిచోట్లా చిక్కాలి. చివరి రోజుల్లో అమ్మ బట్టలు నేను ఇలాగే సరిచేశాను.

అది కొవ్వు కాదక్కా. గ్యాసు అని కూడా సరిపెట్టుకోవద్దు. డాక్టరు దగ్గర టైము తీసుకోమని బావకు ఫోన్ చేశాను. నీతో మాట్లాడితే ఏడ్చేస్తానని నీకివ్వమనలేదు. పొద్దున బస్సుకి బయలుదేరుతున్నాను. ఈ కాగితం నా చేత్తోనే నీకిస్తాను. చదివి, ఏమీ అనకుండా చెప్పులేసుకో.

పిచ్చుక


ప్రియమైన అక్కా,

ఆపరేషనయ్యాక నిన్ను ఆసుపత్రి నుంచి ఇంటికి చేర్చి వచ్చానన్న మాటే గానీ మనసంతా నీ మంచం దగ్గరే ఉంది. ఇన్నాళ్లు మూసిన షాపు తెరిచాను. కత్తెర పట్టుకుంటే ఒకటే ఆలోచన. పత్రికలో నాలుగు ముక్కలు చదివి నీ నోరు కట్టేశాను. వెన్న మానేసింది, ఇంక భయం లేదని గుండె మీద చెయ్యి వేసుకుని పడుకున్నాను. నీ లోపల అమ్మకొచ్చిన క్యాన్సర్ గడ్డే పెరుగుతుంటే గౌన్లకు పూసలు కుట్టుకుంటూ కూర్చున్నాను. నా మాట వినకపోయుంటే ముందే డాక్టరు దగ్గరికి వెళ్లేదానివేమో.

అమ్మ నుంచి నీకొచ్చిన జన్యువు నాలోనూ ఉందేమోనని నన్నూ పరీక్ష చేయించుకోమన్నారు కదా. రెండుసార్లు ఆసుపత్రి గేటు దాకా వెళ్లి తిరిగొచ్చాను. ధైర్యం చాలడం లేదు.

నీ పిచ్చుక


నా పిచ్చుకకు,

మందు ఎక్కించినప్పుడు రెండు రోజులు నీరసం, మూడో రోజు మీ బావతో పోట్లాట. అంటే బాగానే ఉన్నానని అర్థం. జుట్టు పోయింది. "ఇక బన్నుల్లో వెంట్రుకలు రావు" అన్నాడాయన. అని, వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చాడు.

నీ బెంగ చదివి డాక్టరమ్మను అడిగేశాను, "నా వెన్నేనా ఇంత పని చేసింది?" అని.

"కొన్ని పరిశోధనలు సంబంధం ఉందంటాయి, కొన్ని లేదంటాయి. ఉన్నా ఆ ముప్పు కొంచెమే. కొవ్వు తగ్గించడం మంచిదే గానీ, మీ జబ్బుకు ఇదే కారణమని ఎవరూ చెప్పలేరు. మీ అమ్మగారి నుంచి మీకొచ్చిన జన్యువు సంగతి అంతకన్నా పెద్దది" అంది.

"మరి మా చెల్లెలు నాతో అనవసరంగా మాన్పించిందా?"

ఆవిడ నవ్వింది. "వెన్న తింటూనే ఉంటే, పొట్ట ఎందుకు పెరిగిందనుకునేవారు?"

ఇంకెందుకనుకుంటానే! వెన్నే అనుకునేదాన్ని. పాత ఏప్రన్ తాళ్లు పొడిగించుకుని ఇంకో ఏడాది బన్నులు చేసుకునేదాన్ని. మానేశాను కాబట్టే నింద వేయడానికి వెన్న దొరకలేదు. నువ్వు ఆగి ఆలోచించావు. గడ్డ పెద్దదే అయినా ఇంకా బయటికి పాకలేదట. అది పాకకముందే నువ్వు బస్సెక్కావు. ఇంకోసారి నిన్ను నువ్వు తిట్టుకుంటే ఊరుకోను.

ఇక పరీక్ష సంగతి. ప్రయాణం చెయ్యొచ్చని డాక్టరమ్మ ఒప్పుకుంది. సోమవారం మీ బావా నేనూ వస్తున్నాం. ఆ జన్యువు నీలో లేదంటే ముగ్గురం గంతులేద్దాం. ఉందంటే, ఏం చెయ్యాలో ఇప్పట్నుంచే చూసుకుందాం. అమ్మకు ఆ వ్యవధి దొరకలేదు, నీకుంది.

రక్తం తీసేటప్పుడు అటు చూడకు, నా మొహం చూడు. పొద్దస్తమానం సూదితో బతికేదానివి, ఒక్క సూదికి భయపడితే జనం నవ్వుతారే!

చెయ్యి పట్టుకోవడానికి వస్తున్న
నీ బోడి అక్క